లొంబార్డీ పేరు చెప్పి పిల్లలను బెదిరించకండి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుమోసిన శిక్షకుడు విన్స్ లొంబార్డీ గురించిన ఒక సందేశం ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. నిన్న రాత్రి పంపినది డాలస్‌లో ఉంటున్న నా చిన్ననాటి స్నేహితుడు. పంపిన వాళ్లందరి ఇళ్లలోనూ పరీక్షలు రాస్తున్న పిల్లలున్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

సందేశంలో ఉన్నది ఇదీ: ఆయన కటిక పేదరికంలో పుట్టాడు, చిత్తుగా ఓడుతున్న గ్రీన్ బే జట్టును మొదటి ఏడాదే విజేతను చేశాడు, జీవితంలో ఓటమి ఎరుగడు, ఆటగాళ్లను భయంతోనే నడిపాడు, ‘గెలుపే సర్వస్వం కాదు, అసలు ఉన్నదే గెలుపు’ అనే మాటను ప్రపంచానికి ఇచ్చాడు. చివర్లో తల్లిదండ్రులకు ఒక ఉపదేశం: ‘రెండో స్థానం అంటే ఓటమే అని మీ బిడ్డకు ఈరోజే చెప్పండి.’

పేదరికం మాట అబద్ధం. తండ్రిది న్యూయార్క్‌లో మాంసం టోకు వ్యాపారం. అంతే.

మొదటి ఏడాదే విజేత అన్నదీ తప్పే. 1958లో గ్రీన్ బే గెలిచింది ఒకే ఒక్క ఆట. 1959లో ఆయన వచ్చాక ఏడు గెలిచి ఐదు ఓడింది. గొప్ప మార్పే, కానీ కిరీటం రాలేదు. 1960లో తుది పోరుకు చేరి ఫిలడెల్ఫియా చేతిలో 17-13తో ఓడిపోయింది. తొలి కిరీటం 1961లో వచ్చింది. ఆ తర్వాత 1962, 1965, 1966, 1967. ప్రధాన శిక్షకుడిగా ఆయన లీగ్ ఆటల లెక్క 96 గెలుపులు, 34 ఓటములు. ముప్పై నాలుగు ఓటములున్న మనిషిని ‘ఓటమి ఎరుగడు’ అని రాసేవారికి ఒక్కసారి లెక్క చూసుకోవాలని అనిపించలేదా?

ఆ ప్రసిద్ధ వాక్యం ఆయన సొంతం కాదు. యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) జట్టు శిక్షకుడు రెడ్ శాండర్స్ అంతకు ముందే అన్నాడు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: లొంబార్డీ కూడా దాన్ని వాడాడు. రెండో స్థానమంటే ఆయనకు నిజంగానే ఒళ్లుమంట. 1963, 1964లలో రెండో స్థానంలో నిలిచినందుకు కుమిలిపోయాడు. ఇంటిని, పిల్లలను పట్టించుకున్న తండ్రి అని కూడా నేను చెప్పలేను. కానీ ఆ పట్టుదల జీతం తీసుకుని ఆడే పెద్దవాళ్ల దగ్గర చూపినది. పదో తరగతి పిల్లకు నూటికి తొంభై ఆరు వస్తే ‘ఓడిపోయావు’ అనమని ఆయన ఎక్కడ చెప్పాడు?

బడి పిల్లల దగ్గర ఆయన ఎలా ఉండేవాడో తెలుసా? గ్రీన్ బేకు రావడానికి చాలా ముందు న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో, సెయింట్ సిసీలియా పాఠశాలలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లాటిన్ చెప్పాడు. వెనకబడిన పిల్లవాడికీ అర్థమయ్యేదాకా చెప్పిందే మళ్లీ చెప్పేవాడు. ఆ పద్ధతినే మైదానంలోకి తెచ్చాడు. ఆయన ఎత్తులు కొన్నే. బంతి పట్టినవాడికి తోటివాళ్లు ముందు దారి చేస్తూ పక్కగా పరుగెత్తే ఒక్క ‘స్వీప్’నే వందలసార్లు సాధన చేయించి, ఎవరు ఎందుకు ఎటు కదలాలో ప్రతి ఒక్కరికీ వివరించేవాడు. భయపెట్టడానికి అంత ఓపిక అక్కర్లేదు.

అరిచేవాడు, నిజమే. బార్ట్ స్టార్ సంగతి వినండి. 1956లో జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకున్నప్పుడు పదిహేడో విడతలో, 200వ వాడిగా, దాదాపు అందరూ వదిలేశాక గ్రీన్ బేకు దొరికిన, బంతి అందుకుని జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్. ఒకసారి సాధనలో అందరి ముందూ ఆయన చేత తిట్లు తిన్నాడు. తర్వాత లొంబార్డీ గదికి వెళ్లి, నన్ను తిట్టాలంటే ఇక్కడ తిట్టండి, జట్టు ముందు తిడితే వాళ్లు నా మాట ఎలా వింటారు అని అడిగాడు. లొంబార్డీ ఒప్పుకున్నాడు. మళ్లీ ఎన్నడూ జట్టు ముందు అతన్ని తిట్టలేదు. ఈ ముక్క మీ సందేశంలో ఎందుకు లేదు?

1967 డిసెంబర్ 31, గ్రీన్ బేలో లీగ్ తుది పోరు. సున్నాకు దిగువన 25 డిగ్రీల చలి. డాలస్ జట్టు మూడు పాయింట్ల ముందంజలో ఉంది. ఆటలో మిగిలింది 16 సెకన్లు. స్టార్ మైదానం అంచున ఉన్న లొంబార్డీ దగ్గరకు వచ్చి, బంతి ఎవరికీ ఇవ్వను, నేనే పట్టుకుని దూసుకుపోతాను అన్నాడు. విఫలమైతే ఆట అక్కడితో సరి. లొంబార్డీ వాదించలేదు, బెదిరించలేదు. అయితే అదే చెయ్యి, ఇక్కడి నుంచి బయటపడదాం అన్నాడు. స్టార్ గోల్ గీత దాటాడు, గ్రీన్ బే గెలిచింది.