చెక్ ఇంజిన్ లైటు గారికి ఒక పాలబండి వాడి విన్నపం

మహారాజశ్రీ చెక్ ఇంజిన్ లైటు గారి దివ్య సముఖమునకు,

రామన్నపేట చుట్టుపక్కల పాల రూటు తోలుకునే ఒక పికప్ బండి ఓనరు నమస్కరించి రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాదే గానీ, మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే. నిన్న పొద్దున ఎనిమిదీ పదికి, ఏడో ఊరు దాటి ఎనిమిదో ఊరికి పోయే చెరువు కట్ట మీద, స్పీడు మీటరు పక్కన పసుపుపచ్చగా మళ్ళీ దర్శనమిచ్చారు. మీరు వెలిగిన మరుక్షణం బండికి నడుం పట్టేసింది. యాక్సిలరేటర్ నేలకంటా తొక్కినా ముల్లు 2000 దాటదు, బండి 20 దాటదు. మోపెడ్ మీద గడ్డిమోపు వేసుకున్న ఒక పెద్దాయన నన్ను ఓవర్‌టేక్ చేసి, వెనక్కి తిరిగి చూసి, "గుంజుతలేదా బిడ్డా?" అని జాలిపడి మరీ వెళ్ళిపోయాడు.

పేరు పికప్. లేనిదే పికప్.

వెనకాల 18 క్యాన్లు, క్యానుకు 40 లీటర్లు. మే నెల ఎండ. చిల్లింగ్ సెంటరుకు ఎనిమిదీ ముప్పావుకల్లా చేరాల్సినవాణ్ణి పదీ ముప్పావుకు చేరాను. టెస్టింగ్ కుర్రాడు టెస్ట్ ట్యూబులో కాసిన్ని పాలు పోసి మరిగే నీళ్ళలో పెట్టాడు. అయిదు నిమిషాలు ఇద్దరం దాని వైపే చూస్తూ నిలబడ్డాం, పరీక్ష రిజల్ట్స్ చూసేవాళ్ళలా. తీసి వంచేసరికి గాజు గోడకు సన్నసన్నటి తెల్లటి పలుకులు అంటుకుని ఉన్నాయి. వాడేమీ అనలేదు. క్యాను మూత మీద సుద్దముక్కతో ఇంటూ మార్కు పెట్టి పక్కదానికి వెళ్ళాడు. ముందు ఊళ్ళలో ఎక్కించినవి 11 క్యాన్లు అలా పోయాయి. 440 లీటర్లు. ఆ డబ్బంతా నా రూట్ బిల్లులో కోసేస్తారు. ఒక క్యాను ఇంటికి తెచ్చుకున్నాను. నిన్న మా వాడకట్టులో ప్రతి ఇంట్లో కలాకండే. మిగతాది మోరీలో పోయింది.

మీ మీద నాకు కోపం లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మీరు కబురు చెప్పేవారే గానీ కబురు చేసేవారు కాదు. కానీ స్వామీ, ఆ చెప్పే కబురైనా కాస్త వివరంగా చెప్పకూడదా? ఏదో వైరు వదులైనా మీరే వెలుగుతారు. సెన్సర్ పోయినా మీరే. ఇంజిన్ ఇక బతకదన్నా మీరే. అదే పసుపు, అదే బొమ్మ, అదే మౌనం. మా నాన్న కోపమొస్తే ఇలాగే ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఎందుకో కనుక్కోవడానికి మా అమ్మ ఇల్లంతా వెతుక్కోవాల్సి వచ్చేది. ఆయనకైనా స్కానర్ ఛార్జీ ఉండేది కాదు.

పాత బండి 11 ఏళ్ళు తోలాను. అది దగ్గేది, వణికేది, గడ్డ దాటేటప్పుడు మూలిగేది. ఎక్కడ నొప్పో దాని మూలుగు వింటే తెలిసేది. మా ఊరి మెకానిక్ బాబాయ్ బీడీ నోట్లో పెట్టుకునే బానెట్ మీద చెవి ఆనించి "నాజిల్ రా" అనేవాడు. నాజిలే అయ్యేది. పన్నెండు పదమూడు పానా, ఒక స్క్రూడ్రైవరు, కాస్త బూతులు, అంతే సామగ్రి. ఈ కొత్త బండి బానెట్ ఎత్తి చూపిస్తే బాబాయ్ ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు. తర్వాత బీడీ తీసి పక్కన పారేశాడు, పెద్దవాళ్ళ ఇంటికి వచ్చినట్టు. "గీ దాంట్ల చెయ్యి పెట్టేటందుకు జాగనే లేదు కదరా" అన్నాడు.

సరే, మీరు మొదటిసారి వెలిగినప్పుడే స్కానర్ ఉన్న చోటికి పోయాం. మీరు నోరు విప్పి చెప్పిన ఆ ఒక్క మాట: పీ 2463. పొగ గొట్టం దారిలో ఉన్న ఫిల్టరులో మసి నిండిందని దాని అర్థమట. ఇది బీఎస్6 బండి కదా. బీఎస్ అంటే బండి పొగకు సర్కారు పెట్టిన కొలత. 2017లో దేశమంతా బీఎస్4కు వచ్చింది, 2020 ఏప్రిల్ 1 కల్లా బీఎస్6కు ఎగిరింది. మధ్యలో అయిదో తరగతి చదవకుండానే డబుల్ ప్రమోషన్. డీజిల్లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దించారు, పొగ గొట్టంలో జల్లెడ పెట్టారు. ఇంజిన్ వదిలే మసినంతా ఆ జల్లెడ పట్టుకుంటుంది. నిండాక 600 డిగ్రీల దాకా వేడెక్కించి తనే కాల్చేసుకుంటుంది. వినడానికి ఎంత బాగుందో. తిన్న కంచం తనే కడుక్కునే మొగుడిలా ఉంది.

అయితే ఆ కడుక్కోవడం మొదలవ్వాలంటే బండి ఆగకుండా, మంచి స్పీడులో, చాలాసేపు పరుగెత్తాలి. నాది పాలబండి. కిలోమీటరుకొకచోట ఆగుతుంది. కొన్నిచోట్ల పది నిమిషాలు స్టార్టింగ్‌లోనే ఉంటుంది. పెద్దమ్మ ఇంకా బర్రె పిండుతూనే ఉంటుంది, "ఆగు బిడ్డా, వస్తున్న" అంటుంది. ఆగకపోతే ఆ పాలు వేరే డెయిరీకి పోతాయి. ఇదంతా షోరూములో చెప్పే కొన్నాను, 2023లో. అట్టముక్కతో చేసిన నిలువెత్తు తాళం చేతికిచ్చి ఫొటో తీసినవాడే, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించినవాడే అన్నాడు, "అన్నా, మన పల్లెటూరి రోడ్ల కోసమే పుట్టింది ఈ బండి" అని.

మరి అప్పుడు సర్వీస్ సెంటరులో ఏమన్నారో తెలుసా తమరికి? తెలియకేం, ఆ మాట అన్నప్పుడు మీరు అక్కడే వెలుగుతూ ఉన్నారు.

"అన్నా, మీ డ్రైవింగ్ ప్యాటర్న్ కరెక్ట్ లేదు."

18 ఏళ్ళుగా స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి. ఆ అడ్వైజర్ తమ్ముడికి మీసం ఇంకా సరిగ్గా రాలేదు. "వారానికి రెండుసార్లు హైవే మీద 60కి తగ్గకుండా ఒక అరగంట తీస్కపోండి, సెట్ అయితది" అన్నాడు. హైవే మీద నాకు పనేముంది తమ్ముడూ అంటే, "పని లేకపోయినా తీస్కపోండి" అన్నాడు.

పని లేకపోయినా! ఇక్కడే నాకు గొంతు దిగడం లేదు మహాప్రభో. బర్రెను మేతకు తోలుకుపోతే పాలైనా ఇస్తుంది. కుక్కను షికారుకు తీసుకుపోతే తోకైనా ఊపుతుంది. నేను సాయంత్రం రూటు ముగించి, క్యాన్లు కడిగి, అన్నం తిని, రాత్రి తొమ్మిదికి ఖాళీ బండిని చిట్యాల దాకా తీసుకుపోయి, 65వ నంబరు హైవే ఎక్కి, నకిరేకల్ వైపు అరగంట తోలి, మళ్ళీ వెనక్కి వస్తున్నాను. హైదరాబాద్ వైపు పోనెందుకంటే అటు పంతంగి టోల్ ఉంది. గాలికి తిరగడానికి టోల్ కూడానా? ఒక్కో షికారుకు అయిదు లీటర్లు. వారానికి రెండు షికార్లు. నెలకు 40 లీటర్లు, అంటే లెక్కగా ఒక పాలక్యాను నిండా డీజిల్. ఆ క్యానును ఎవరూ తాగరు, ఎవరూ కొనరు. పొగ తగ్గించడానికి తగలేస్తున్నాను.

మొదటి వారం మా ఆవిడ నమ్మలేదు. "రాత్రిపూట తలదువ్వుకుని హైవే మీద ఏం పని?" అంది. ఫిల్టరు, మసి, 600 డిగ్రీలు అని చెబుతుంటే నా మొహంలోకి అదోలా చూసింది. రెండోసారి తనే వచ్చి పక్కన కూర్చుంది. నార్కట్‌పల్లి దాటాక మిర్చి బజ్జీలు తిన్నాం. ఆ ఖర్చు మీ ఖాతాలో వేశాను.

ఒకరాత్రి పోలీసు జీపు ఆపింది.

"ఎటు పోతున్నవ్?"

"ఎటూ లేదు సార్."

"లోడేంది?"

"ఖాళీ సార్. మసి కాల్చడానికి తిప్పుతున్నా."

కానిస్టేబుల్ ఏమీ అనకుండా మెషిన్ తెచ్చి ఊదమన్నాడు. జీరో వచ్చింది. మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ జీరో. ఆయనకు నా మీద అనుమానం పోయి భయం పట్టుకుంది.

ఇక మొన్న సంక్రాంతి ముందు రోజులు చెప్పనే అక్కర్లేదు. హైదరాబాద్ మొత్తం ఆంధ్రకు కదిలి పోతోంది. సరిగ్గా అప్పుడే మీరు వెలిగారు. 60కి తగ్గకూడదని నేను హైవే ఎక్కితే, అక్కడ పది కిలోమీటర్ల స్పీడులో పాకుతున్నారు జనం. సామాన్లతో, పిల్లలతో, కిటికీల్లోంచి బయటికి వేలాడే గాలిపటాలతో వాళ్ళందరూ ఎక్కడికో పోతున్నారు. మధ్యలో నేనొక్కణ్ణే ఎక్కడికీ పోవడం లేదు. ఒకాయన కారు అద్దం దించి, "విజయవాడ దాకా ఎంత తీసుకుంటావ్ బాబూ?" అని బేరం కూడా ఆడాడు. వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. ఆ రాత్రి మసి కాలకపోగా ఇంకాస్త పేరుకుంది.

పెద్ద లారీల వాళ్ళకైతే పొగ శుభ్రం కావడానికి యూరియా నీళ్ళు కూడా పోయాలట. 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం రైతులు లైన్లో చెప్పులు పెట్టి కూర్చున్నారు. నా బండికి ఆ భాగ్యం లేనందుకు ఆ దేవుడికి దండం.

ఇంకో వింత. ఏ బండికైనా ఇంజిన్ ఆయిల్ తగ్గుతుంది. నాకు పెరిగింది! గేజి పుల్ల తీసి తుడిచి చూస్తే పై గీత దాటి వేలెడు పైకుంది. అక్షయపాత్ర దొరికిందని సంబరపడ్డాను. సర్వీసు తమ్ముడు నవ్వాడు. వేడి పుట్టించడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుందట. పని మధ్యలో నేను బండి ఆపేస్తే, కాలని ఆ డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలుస్తుందట. అంటే పెద్దమ్మ పాల కోసం నేను ఆగిన ప్రతిసారీ ఇంజిన్ ఆయిల్ పలచనవుతోందన్నమాట. పాలల్లో నీళ్ళు కలిపేవాళ్ళను 18 ఏళ్ళుగా పట్టుకుంటున్న నాకు, నా ఇంజిన్లోనే కల్తీ దొరికింది. అరిగేది మళ్ళీ నా టర్బోనే, నా బేరింగులే. గడ్డివాము పక్కన నిలపొద్దని పుస్తకంలో రాశారు, గొట్టం వేడికి అంటుకుంటుందని. మా ఊళ్ళో గడ్డివాము లేని జాగా ఎక్కడుందో కూడా అందులోనే రాసి ఉంటే బాగుండు.

నిన్న సాయంత్రం జాబ్ కార్డ్ మీద ఎస్టిమేట్ రాసిచ్చారు. లాప్‌టాప్ పెట్టి నిలబెట్టి కాల్చడానికి 3,500. అలా కాలకపోతే ఫిల్టరు మార్చాలి, 92,000. వారంటీ ఉంది కదా అన్నాను. ఫిల్టరు బాగానే ఉందన్నా, మీరు తోలే తీరే బాగాలేదు, అందుకని వారంటీ రాదు అన్నాడు.

ఇక గారూ గీరూ లేదు. విను. "డ్రైవింగ్ ప్యాటర్న్" అనే మాట ఇంకోసారి నా ముందు ఎవడన్నా అంటే, వాణ్ణి తెల్లవారి నాలుగున్నరకు నా సీట్లో కూర్చోబెడతా. తొమ్మిది ఊళ్ళు, 42 చోట్ల ఆపాలి. 60 కిలోమీటర్ల స్పీడులో పెద్దమ్మ చేతిలోంచి తప్పాలెడు పాలు అందుకోమను చూద్దాం. పల్లెటూరికి అమ్మిన బండి పల్లెటూళ్ళో నడవదట! మరి నెల నెలా 14,800 కిస్తీ మాత్రం పల్లెటూరి నుంచి ఎట్లా నడిచి వస్తోంది? ఆ కిస్తీకి కూడా ఒక జల్లెడ పెట్టి, నిండాక ఎవడైనా కాల్చేస్తే బాగుండు. నువ్వు వెలిగావంటే నాకు టెన్షన్, ఆరావంటే మళ్ళీ ఎప్పుడు వెలుగుతావోనని ఇంకో టెన్షన్. దారి చూస్తూ తోలాల్సిన వాణ్ణి నీ మొహం చూస్తూ తోలుతున్నాను.

పక్క ఊరి కుర్రాడొకడు నీకు మందు తెలుసన్నాడు. ఫిల్టరు లోపలి జల్లెడంతా పొడిచి పారేసి ఖాళీ డబ్బా బిగిస్తాడట, కంప్యూటర్లో నీ నోరు నొక్కేస్తాడట, 25,000. చట్టం ఒప్పుకోదు, పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు. నిన్న రాత్రి నిజంగానే ఫోన్ తీశాను.

బండి నిలిపే చోటే నిలబడి ఉన్నాను అప్పుడు. అక్కడ పశువుల కొట్టం గోడ ఉంది. పాత బండి 11 ఏళ్ళు ఆ గోడకే వీపు పెట్టి నిలబడింది. గొట్టం ఎదురుగా తట్టంత నల్లటి మచ్చ. దసరాకు సున్నం వేస్తాం, ఉగాదికల్లా మళ్ళీ పైకి తేలుతుంది. అక్కడ కట్టేసిన దూడల ముక్కులు కూడా నల్లగానే ఉండేవి, మేం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తెల్లవారుజామున నేను బండి స్టార్ట్ చేస్తే మా అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. ఈ బండి ఆ మచ్చకు రెండడుగుల పక్కన నిలబడుతోంది, మూడేళ్ళవుతోంది. టార్చి వేసి చూశాను. గోడ తెల్లగానే ఉంది. గొట్టంలోకి వేలు పెట్టి తిప్పి తీశాను. వేలు కూడా శుభ్రంగానే ఉంది, కాస్త బూడిద తప్ప. అమ్మ ఈమధ్య స్టార్ట్ చేసేటప్పుడు బయటే ముగ్గేస్తూ కూర్చుంటోంది. నేనే గమనించలేదు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నీ మీద ప్రేమ పుట్టి కాదు, ఆ అపార్థం వద్దు. 11 క్యాన్ల సంగతి అలాగే ఉంది.

సరే, 3,500 కట్టాను. ఈ రాత్రి తొమ్మిదికి చిట్యాల. బజ్జీలకు ఆవిడ కూడా వస్తానంది. తమరు దయచేసి నకిరేకల్ లోపు ఆరిపోవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పాలబండి ఓనరు

తా.క.: కట్టంగూర్ దాటాక నిజంగానే ఆరిపోయారు. సంతోషంతో ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాం. తిరిగి వస్తుంటే మా ఊరి పొలిమేరలో తమరున్న చోటికి పక్కనే ఇంకెవరో వెలిగారు. చుక్క బొమ్మ. డీజిల్లో నీళ్ళట. తమరి బంధువులా?