‘చక్కెర జన్యువు’ ముచ్చెల పోస్టు: ఒక్కో మాటకూ జవాబు

చెరకు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతోంది. తీపినిచ్చే జన్యువు ఒక్కటేననీ, శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారనీ, అది ఉన్న ముచ్చె (నాటే గడ ముక్క) నాటితే రికవరీ (చెరకు బరువులో చక్కెరగా చేతికొచ్చే శాతం) రెట్టింపవుతుందనీ, రసాన్ని కొలిచే బ్రిక్స్ మీటరు పెడితే ఎవరికైనా తెలిసిపోతుందనీ అందులో ఉంది. అడవి గడ్డితో సంకరం చేసి మన చెరకు తీపి పోగొట్టారట. జన్యువు మారదు కాబట్టి ఎలా పెంచినా తీపి తగ్గదట. ఇది నమ్మి ముచ్చెలకు ఎక్కువ డబ్బు పోసేవాళ్ళుంటారు. అందుకే వరుసగా చూద్దాం.

“తీపినిచ్చే జన్యువు ఒక్కటే.”

చక్కెర తయారయ్యేది ఆకులో. సుక్రోజ్ ఫాస్ఫేట్ సింథేజ్ అనే ఎంజైము అక్కడ కీలకం. పోస్టు చెబుతున్న జన్యువు బహుశా దీనిదే. కానీ తయారైన చక్కెర ఆకు నుంచి గడలోకి దిగాలి, దాన్ని మోసే ప్రోటీన్లు వేరు. గడలోకి వచ్చాక ఇన్వర్టేజ్ ఎంజైములు దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విరుస్తాయి. లేత కణుపు పెరగడానికి ఆ విరిగిన చక్కెరే తిండి. కణుపు ముదిరేకొద్దీ ఇన్వర్టేజ్ జోరు తగ్గుతుంది, అప్పుడే సుక్రోజ్, అంటే మనం తినే చక్కెర, నిలవ పడుతుంది. మొవ్వు దగ్గర రసం చప్పగా, అడుగున తియ్యగా ఉండేది ఇందుకే. రెండు చోట్లా జన్యువులు అవే, పనిచేసే తీరే వేరు. బాగా ముదిరిన గడలో కూడా కొంత సుక్రోజ్ విరుగుతూ, మళ్ళీ కూడుతూనే ఉంటుంది.

పైగా మనిషిలో జన్యువుకు మామూలుగా రెండు ప్రతులుంటే, సాగు చెరకులో పది పన్నెండు దాకా ఉంటాయి, అవీ అన్నీ ఒకేలా ఉండవు. క్రోమోజోములు రకాన్ని బట్టి సుమారు 100 నుంచి 130. రీయూనియన్ దీవిలో పుట్టిన ఆర్ 570 రకం జన్యుపటం 2024లో వెలువడింది, అందులో 114 క్రోమోజోములు తేలాయి. “ఆ జన్యువు ఉన్న ముచ్చె” అనడంలో అర్థమే లేదు. అది లేని చెరకు లేదు, చక్కెర దిగుబడికి పనికిరాని అడవి గడ్డి రెల్లులో కూడా ఉంది.

“రికవరీ రెట్టింపు.”

ముందు లెక్క వేయండి. వంద కిలోల చెరకులో పీచు 13 కిలోలు అనుకుంటే రసం 87 కిలోలు. రికవరీ 10 నుంచి 20కి వెళ్ళాలంటే, పిప్పిలో, మొలాసిస్‌లో గ్రాము చక్కెర పోకుండా, ఆ రసంలో 23 శాతం సుక్రోజ్ ఉండాలి. ఏ మిల్లులోనూ నష్టం సున్నా కాదు.

“రెట్టింపు” అన్న మాటకు ఒక మూలం ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ఒక బాక్టీరియా జన్యువును చెరకులో పెట్టినప్పుడు, కొన్ని మొక్కల రసంలో మొత్తం చక్కెర దాదాపు రెట్టింపయింది. అది గ్రీన్‌హౌస్‌లో. కొత్తగా వచ్చింది మన చక్కెర కాదు, ఐసోమాల్టులోజ్ అనే వేరే చక్కెర. సుక్రోజ్ ఫాస్ఫేట్ సింథేజ్‌ను పెంచి చూసిన ప్రయోగాల్లో కొన్నిచోట్ల సుక్రోజ్ పెరిగింది, కొన్నిచోట్ల పెరగలేదు. ఒక మెట్టును బలపరిస్తే మొక్క ఇంకో మెట్టు దగ్గర సర్దుకుంటుంది. మన దేశంలో జన్యుమార్పిడి చెరకు దేనికీ వాణిజ్య సాగుకు అనుమతి లేదు. అలాంటి ముచ్చె అని అమ్మితే అది అబద్ధమన్నా అయి ఉండాలి, చట్టవిరుద్ధమన్నా అయి ఉండాలి.

రికవరీ నిజంగా పెరిగిన దారి మామూలు సంకరణం. 2009లో విడుదలైన కో 0238 అనే చెరకు రకం ఉత్తరప్రదేశ్‌లో 9 శాతం దగ్గర ఉన్న రికవరీ 11 దాటడానికి ప్రధాన కారణం. ఒకే రకం అంతటా పరుచుకున్నాక ఎర్రకుళ్ళు తెగులు దాన్నే పట్టుకుంది.

“బ్రిక్స్ చూస్తే చాలు.”

చాలదు. బ్రిక్స్ రసంలో కరిగిన పదార్థమంతా చూపిస్తుంది, సుక్రోజ్ ఒక్కదాన్నే కాదు. వచ్చే చక్కెర అంచనాకు వాడే సూత్రం ఇది: బ్రిక్స్ నుంచి సుక్రోజ్ శాతం తీసేసి, మిగిలినదాన్ని 0.4తో గుణించి, ఆ వచ్చినదాన్ని సుక్రోజ్ నుంచి తీసి, 0.73తో గుణించాలి. బ్రిక్స్ 20, సుక్రోజ్ 18 అయితే 12.56 శాతం వస్తుంది. అదే బ్రిక్స్ 20కి సుక్రోజ్ 16 అయితే 10.51. మీటరులో అంకె ఒకటే, ఫలితంలో తేడా రెండు శాతం. నీటి ఎద్దడిలో గడ ఎండినా బ్రిక్స్ పైకి పోతుంది. మీటరుతో చూసేదుంటే పైకణుపు, అడుగుకణుపు విడివిడిగా చూడండి. రెండు అంకెలూ దగ్గరకొస్తే గడ పక్వానికొచ్చినట్టు.

“అడవి గడ్డితో తీపి పోయింది.”

రెల్లు రక్తం తీపిని తగ్గిస్తుందన్నది నిజమే. అందుకే దాన్ని పలచన చేస్తూ వచ్చారు. కోయంబత్తూరులో తెల్ల చెరకు వెల్లైని రెల్లుతో కలిపి తీసిన కో 205 రకం 1918లో వచ్చింది. దాని 112 క్రోమోజోముల్లో 80 వెల్లైవే, ఎందుకంటే ఈ సంకరంలో తల్లి చెరకు తన క్రోమోజోములు సగం కాక మొత్తం ఇస్తుంది. ఇప్పటి రకాల్లో 80 శాతం దాకా తీపి చెరకు వాటానే, రెల్లుది పదీ పదిహేను శాతం. పిలకలు వేయడం, కార్శి (నరికిన మొదళ్ళ నుంచి వచ్చే పంట) నిలబడటం, తెగుళ్ళను, ఎద్దడిని ఓర్చుకోవడం చాలావరకు ఆ కొద్ది వాటా నుంచి వచ్చినవే. అది తీసేస్తే తియ్యని చెరకు మిగలొచ్చు, తోట మిగలదు.

“ఎలా పెంచినా తీపి తగ్గదు.”

ముచ్చెతో పెంచిన తోటలో గడలన్నీ ఒకే జన్యువులవి. అయినా నత్రజని ఆలస్యంగా వేసిన మడిలో గడ పెరుగుతూనే ఉంటుంది, ఇన్వర్టేజ్ ఆగదు, చక్కెర నిలవదు. అందుకే నత్రజనిని రెండు దఫాలుగా, 45, 90 రోజులకు వేసి ముగించమంటారు. నరికాక ఎండలో పడి ఉన్నా సుక్రోజ్ విరుగుతుంది, 24 గంటల్లో గానుగకు చేరాలి.

ఇంకో మాట. మిల్లు రైతుకు కట్టాల్సిన కనీస ధర, ఎఫ్‌ఆర్‌పీ, మిల్లు సగటు రికవరీ మీద ఆధారపడుతుంది, మీ ఒక్క తోట తీపి మీద కాదు. ‘చక్కెర ముచ్చె’కు పోసిన అదనపు డబ్బు ఆ దారిన తిరిగి రాదు.

ఎక్కడ కొన్నా, కొన్ని ముచ్చెలు నిలువునా చీల్చి చూడండి. లోపల ఎర్రబారి, మధ్యలో అడ్డంగా తెల్ల మచ్చలుండి, పులిసిన వాసన వస్తే అది ఎర్రకుళ్ళు. ఆ లోడు పొలంలోకి రానివ్వకండి.