సముద్రం పాఠం నాలా దగ్గర మొదలవ్వాలి

హైదరాబాద్ బడుల్లో సముద్ర కాలుష్యం పాఠం ఎక్కువగా ఒక తాబేలు బొమ్మతో మొదలవుతుంది. మెడకు ప్లాస్టిక్ చుట్టుకున్న తాబేలును చూసి పిల్లలు బాధపడతారు. చార్టు మీద బొమ్మ గీస్తారు, మార్కులు వస్తాయి. ఆ బాధ నిజమైనదే. కానీ ఇంటర్వెల్‌లో తాము పడేసిన చిప్స్ ప్యాకెట్‌కీ ఆ తాబేలుకీ ఉన్న సంబంధం చార్టులో ఎక్కడా కనిపించదు. చెత్త వేసేది బీచ్‌కి వెళ్లినవాళ్లు, మన ఊళ్లో సముద్రం లేదు కాబట్టి మన తప్పు లేదు అనుకుంటూనే పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు.

ఆ సంబంధం మ్యాప్ మీద వేలుతో చూపించొచ్చు. హుస్సేన్ సాగర్ నుంచి పొర్లిన నీళ్లు నాలాలో అంబర్‌పేట వైపు పారి మూసీలో పడతాయి. మూసీ నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలోకి వెళ్తుంది. అక్కడి మడ అడవుల పక్క తీరానికే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా గుడ్లు పెట్టడానికి వస్తాయి. అంటే చార్టు మీద గీసిన తాబేలు మన నీళ్లు చేరే చోటే ఉంది.

మనం పారేసిన ప్రతి కవరూ సముద్రం దాకా పోతుందని పిల్లలకు చెప్పకూడదు, అది నిజం కాదు. చాలా చెత్త నాలాల్లోనే ఇరుక్కుంటుంది. మిగిలిన దాంట్లో కొంత మూసీ మీది కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర, మూసీ ప్రాజెక్టులో, ఆ కింద కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టులో, ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగుతుంది. పెద్ద వరద వచ్చి గేట్లు ఎత్తితే ఆగింది మళ్లీ కదులుతుంది. నదుల ద్వారా సముద్రంలోకి చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. నేరమంతా పదో పరకో మహానదులదే అన్న పాత లెక్క దాంతో మారింది, నగరాల్లో పారే చిన్న నదులూ లెక్కలోకి వచ్చాయి. తీరానికి దూరంగా ఉన్న హైదరాబాద్ వాటా తక్కువే కావచ్చు. ఆ మాట కూడా పిల్లలకు దాచకుండా చెప్పాలి. భయపెట్టి నేర్పింది ఎక్కువ కాలం నిలవదు.

పాఠానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక బకెట్ నీళ్లు చాలు. వాటర్ బాటిల్‌ని కత్తిరించి ఒక ముక్క నీళ్లలో వేయమనండి, మునుగుతుంది. అదే బాటిల్ మూత తేలుతుంది. క్యారీబ్యాగ్ ముక్క, థర్మాకోల్ కూడా తేలతాయి. బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్ సాంద్రత నీటికన్నా ఎక్కువ, మూత ప్లాస్టిక్‌ది తక్కువ. ఫిజిక్స్ టీచర్ ఎలాగూ చెప్పాల్సిన పాఠమే ఇది. తేలేది ప్రవాహంతో దూరం పోతుంది. మునిగేది నాలా అడుగున పూడికలో చేరుతుంది, వాన పడితే నీళ్లు బస్తీలోకి ఎక్కుతాయి. 2020 అక్టోబర్‌లో ఇళ్లు మునగడం చూసిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. ఆ వరదకు కుండపోత వాన, ఆక్రమణలు కూడా కారణమే, కానీ మూసుకుపోయిన నాలా అంటే ఏమిటో వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నాలాను వంతెన మీద నుంచి చూపిస్తే చాలు. పిల్లల్ని అందులోకి దింపి చెత్త ఏరించడం మాత్రం చదువు కాదు, ప్రమాదం.

ఇక బడి సొంత చెత్త సంగతి. క్లాసులో వారం రోజుల పొడి చెత్తను పోగేసి, పాత సామాన్లు కొనే అతను ఏం తీసుకుంటాడో, ఏం వదిలేస్తాడో చూడమనాలి. బాటిళ్లు, పాల కవర్లు తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు వదిలేస్తాడు. ప్లాస్టిక్ మీద సన్నటి అల్యూమినియం పూత, దానిమీద ఇంకో పొర అతికించి చేసినవి అవి. విడదీస్తే గిట్టుబాటు కాదు. ఎవరూ కొననిదే చివరికి నాలాకి చేరుతుందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు.

అప్పుడు వాళ్ల ప్రశ్నలు బడి వైపు తిరుగుతాయి, తిరగాలి కూడా. జూన్‌లో నోటుబుక్కులన్నిటికీ ప్లాస్టిక్ పూత ఉన్న అట్టలే వేయాలని ఎందుకు పట్టుబడతారు? బర్త్‌డేకి క్లాసంతటికీ చాక్లెట్లే పంచాలా? సైన్స్ ఫెయిర్‌లో సముద్రం మోడల్‌ని థర్మాకోల్‌తో ఎందుకు చేయిస్తున్నారు? అలంకరణకు వాడే థర్మాకోల్ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉంది. మోడల్ కోసం కోసినప్పుడు రాలే చిన్న పూసల్లాంటి ముక్కలను ఎవరూ పూర్తిగా ఊడ్చలేరు. బడి మారకుండా పిల్లల చేత ప్రతిజ్ఞలు చేయిస్తే ఆ ప్రతిజ్ఞకు విలువ లేదని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

క్యాలెండర్ కూడా మనకు కలిసిరాదు. పర్యావరణ దినోత్సవం జూన్ 5, సముద్ర దినోత్సవం జూన్ 8. తెలంగాణలో బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. అందుకే సెప్టెంబర్ మూడో శనివారం జరిగే అంతర్జాతీయ తీర శుభ్రతా దినం మన బడులకు నయం. వానాకాలం, నిమజ్జనాల రోజులు కావడంతో నీళ్లలో ఏం తేలుతోందో అప్పుడు కళ్లముందే ఉంటుంది.

మన నగరంలో సముద్రం లేదు గానీ, దేశానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే సంస్థ ప్రగతినగర్‌లోనే ఉంది. భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెప్పేదీ ఇదే. ఆ పక్క కాలనీల బడుల్లో చదివే పిల్లల్లో ఎంతమందికి దాని పేరు తెలుసు? అక్కడి శాస్త్రవేత్తలు ఏడాదికి ఒకసారి బడికి వచ్చి ఒక గంట మాట్లాడేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చిన పిల్లలు, స్వచ్ఛ ఆటోలో రెండూ కలిసిపోవడం చూసి టీచర్‌ని అడిగే రోజు వస్తుంది. ఆ ప్రశ్నను దాటేస్తే అప్పటిదాకా చెప్పిందంతా పోతుంది. క్లాసంతా కలిసి వార్డు ఆఫీసుకు తెలుగులో ఒక అర్జీ రాయాలి, ఏ తేదీన, ఏ వీధిలో ఏం చూశారో అందులో ఉండాలి. జవాబు వస్తే నోటీసు బోర్డు మీద పెట్టాలి. రాకపోతే నెల తర్వాత ఇంకోటి రాయాలి, ఈసారి హెడ్మాస్టర్ సంతకంతో.