కాకిలెక్కల యాప్ గారికి ఆడిట్ అభ్యంతర లేఖ

మహారాజశ్రీ కేలరీల యాప్ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పాత అలవాటు. కాని నేను కుశలంగా ఉన్నానో లేదో నిర్ణయించే అధికారాన్ని ఏడు నెలల క్రితమే మీకు దఖలు పరిచాను కనుక ఆ మాట రాసే హక్కు నాకు మిగలలేదు. నిన్న రాత్రి పది గంటలకు మీరు పంపిన నివేదిక ప్రకారం నేను 1,847 కేలరీలు తిన్నాను, 2,113 కేలరీలు ఖర్చు చేశాను, 266 మిగిల్చాను. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గాని, తిన్న మెతుకులు లెక్కపెట్టేవారికి ఏడాది చందా కట్టడం నాకు ఇదే మొదలు. నేను ముప్పై రెండేళ్ళు ఆడిట్ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఒకట్ల స్థానం దాకా సరిపోయిన లెక్క కనిపిస్తే మా శాఖవాళ్ళకు ముందు కలిగేది సంతోషం కాదు, అనుమానం. వోచర్లు తెమ్మంటాం. తమరి విషయంలో ఆ పని ఏడు నెలలు ఆలస్యంగా చేస్తున్నందుకు మన్నించాలి.

నిన్నటి పద్దుల్లో మొదటిది తీసుకుందాం. పొద్దున్న ఎనిమిదింటికి 'పెసరట్టు, ఒకటి' అని ఎక్కించాను. చిన్నదా, మధ్యస్థమా, పెద్దదా అని మీరు అడిగారు. మా ఇంట్లో పెసరట్టు పరిమాణం పెనాన్ని బట్టి, గిన్నెలో మిగిలిన పిండిని బట్టి, వేస్తున్న మనిషి ఓపికను బట్టి మారుతూ ఉంటుంది; అంచుల వెంబడి ఎంత నూనె పడిందో పోసిన చేతికే తెలియదు. ఎన్ని గ్రాములు పోశావని ఒకరోజు మా ఆవిడను అడిగితే, "పెనాన్ని అడగండి, తాగింది అదే కదా" అంది. ఆ సంభాషణ తర్వాత నేను 'మధ్యస్థం' అన్న చోట నొక్కి ఊరుకోవడం మొదలుపెట్టాను. దిక్కుతోచక నొక్కిన ఆ నొక్కుడును మీరు 164 కేలరీలుగా మార్చి, చివరి నాలుగును కూడా వదలకుండా పుస్తకంలో రాసుకున్నారు. మధ్యాహ్నం మామిడికాయ పప్పు దగ్గరైతే అక్షరాలా పప్పులో కాలేశారు. వెతికితే దొరికిన తొమ్మిది పద్దులూ ఎవరెవరో వాడుకరులు తమ తమ వంటిళ్ళ నుంచి ఎక్కించినవి. కప్పుకు ఒకరు రాసిన అంకె ఇంకొకరు రాసినదానికి రెట్టింపు. ఏది నమ్మాలో తెలియక అన్నిటికంటే తక్కువ ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఈ సంగతి మీకు చెప్పడం ఇదే మొదటిసారి. అన్నంలో పడిన నెయ్యి, 'ఇంకొక్క ముద్ద' అంటూ వచ్చిన మారు వడ్డన, పెరుగన్నంలో నంజుకున్న ఆవకాయ బద్దను అంటిపెట్టుకొని వచ్చిన నూనె, ఇవేవీ మీ పుస్తకానికి ఎక్కనేలేదు.

మన తిండి గురించి గట్టి వోచర్లు లేవని మీరు తప్పించుకోవడానికి వీల్లేదు. మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం ఒక్క గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి నమూనాలు సేకరించి, 528 ఆహార పదార్థాల్లో 151 అంశాలను కొలిచి 2017లో పట్టికలు ప్రచురించింది. అయితే ఆ పట్టికల్లో ప్రధానంగా ఉన్నవి వండని సరుకులు. కందిపప్పు, మామిడికాయ, నూనె వేరువేరుగా ఉంటాయి. ఆ మూడూ కలిసి మా పొయ్యి మీద ఎలా ముగిశాయో అందులో ఉండదు. సరుకు నుంచి వంటకానికి వెళ్ళాలంటే నీళ్ళెన్ని, నూనెంత, ఎంత మందికి పంచారు అన్నవి ఊహించుకోక తప్పదు. నిజాయితీ గల గుమస్తా అలాంటి చోట పక్కన 'ఉజ్జాయింపు' అని రాస్తాడు. మీ తెర మీద రంగురంగుల వలయాలకు చోటుంది గాని ఆ ఒక్క మాటకు లేదు.

సరుకు నుంచి కేలరీకి వెళ్ళే దారి మాత్రం అంత సాఫీ అయినదా అంటే, అదీ కాదు. పిండిపదార్థానికీ మాంసకృత్తులకూ గ్రాముకు 4, కొవ్వుకు 9 అన్న గుణకాలు 19వ శతాబ్దం చివర అమెరికాలో విల్బర్ అట్వాటర్ చేసిన కృషి నుంచి వచ్చినవి. అవి గొప్ప సగటులు, కాని సగటులే. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు బాదంపప్పు తినిపించి, లోపలికి వెళ్ళినదానినీ బయటికి వచ్చినదానినీ కొలిచి చూస్తే, 28 గ్రాములకు దాదాపు 170 అనుకుంటున్న కేలరీల్లో ఒంటికి అందుతున్నవి 129 మాత్రమేనని తేలింది. నమిలినా పగలని కణాల గోడల వెనుక దాక్కున్న కొవ్వు అరగకుండానే వెళ్ళిపోతుంది. పొట్లం మీద అచ్చు వేసిన అంకె సంగతి చూస్తే, అమెరికా నిబంధనలు అసలు విలువ దానికంటే 20 శాతం దాకా ఎక్కువున్నా ఒప్పుకుంటాయి.

ఇక నాలాంటి సాక్షుల విశ్వసనీయత. 1992లో న్యూయార్కు పరిశోధకులు, తక్కువే తింటున్నా బరువు తగ్గడం లేదని గట్టిగా నమ్మే పదిమందిని పరీక్షించారు. వాళ్ళు తాము తిన్నదానిని సగటున 47 శాతం తక్కువగా, తిరిగినదానిని 51 శాతం ఎక్కువగా చెప్పినట్టు బయటపడింది. పదిమందే కదా అని మీరు అనవచ్చు. కాని వాళ్ళు అబద్ధాలకోరులు కారు, ఆవకాయ నూనెను లెక్కలో వేసుకోనివాళ్ళు. ఆ మాటకొస్తే పదకొండోవాణ్ణి నేను.

ఖర్చు పద్దు ఇంతకంటే అన్యాయంగా ఉంది. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకొనే ఏడు రకాల పరికరాలను 60 మంది చేత తొడిగించి, నడిపించి, సైకిలు తొక్కించి, ప్రయోగశాల కొలతలతో పోల్చారు. గుండె వేగాన్ని ఏడింట ఆరు 5 శాతం లోపు తేడాతో చెప్పాయి; ఆ మేరకు తమరి కులానికి నా నమస్కారం. కేలరీల ఖర్చు విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే అధ్వానమైనది 93 శాతం. ఆ 27 శాతాన్ని నా 2,113కు వర్తింపజేస్తే తేడా దాదాపు 570. పరుగు పెట్టినప్పటి పొరపాటు రోజంతటికీ అలాగే వర్తిస్తుందని నేననను. సగానికి సగం తగ్గించినా 285 వస్తుంది. నిన్న రాత్రి మీరు ఆకుపచ్చ అక్షరాలతో అభినందించిన ఆ 266 అంతకంటే చిన్నది. అంటే నేను మిగిల్చానో అప్పు పడ్డానో మీకూ తెలియదు, నాకూ తెలియదు. చప్పట్లు మాత్రం కొట్టేశారు.

ఊళ్ళో కాకులెన్ని అని రాజుగారు అడిగితే తడుముకోకుండా ఒక అంకె చెప్పిన గడసరి కథ మీకు ఎవరూ చెప్పి ఉండరు. లెక్క పెట్టించి చూస్తే ఎక్కువున్నాయా, పొరుగూరి కాకులు చుట్టపుచూపుగా వచ్చాయి. తక్కువున్నాయా, మన కాకులే చుట్టాలింటికి వెళ్ళాయి. ఈ ఏడు నెలల్లో తమరితో నా అనుభవం సరిగ్గా ఇదే. మొదటి వారంలో, 'ప్రతిరోజూ ఇలాగే ఉంటే ఐదు వారాల్లో మీ బరువు ఇంత' అని జోస్యం చెప్పారు. ఐదు వారాలు గడిచాక తూకంలో ఆ అంకె రాకపోతే, ఒంట్లో నీరు నిలిచి ఉండవచ్చన్నారు. తర్వాతి నెల, ఇది అందరికీ వచ్చే స్తంభన దశ అన్నారు. ఒకసారి ఎందుకో కిలోన్నర ఎక్కువ తగ్గితే, అది మాత్రం నా క్రమశిక్షణ అన్నారు. వచ్చిన కాకులకూ పోయిన కాకులకూ మీ దగ్గర సమాధానం ఉంది గాని, మొదట చెప్పిన అంకె ఎక్కడి నుంచి తెచ్చారన్నదానికి లేదు.

అది ఎక్కడిదో నేనే వెతికాను. కిలోకు 7,700 కేలరీలన్న తమరి గుణకానికి మూలం, పౌను బరువుకు 3,500 కేలరీలని 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు కట్టిన లెక్క. పేరుకున్న కొవ్వు విలువగా అది తప్పేమీ కాదు. కాని మనిషి కట్టెల మోపు కాదు కదా! బరువు తగ్గేకొద్దీ ఒళ్ళు ఖర్చు కూడా తగ్గించుకుంటుంది కనుక తిన్నగా గీసిన గీత మీద ఎవరి తూకమూ నడవదు. తగ్గుదల కాలం గడిచేకొద్దీ ఎలా మందగిస్తుందో గణిత నమూనాలతో చూపిన పరిశోధనలు 2011 నుంచే అందుబాటులో ఉన్నాయి. అయినా తమరు ఇంకా స్కేలు పెట్టే గీస్తున్నారు.

రోజుకు 10,000 అడుగుల ఆజ్ఞ గురించి ఎక్కువ రాయను, అది ఇప్పటికే చాలామందికి తెలిసిన బాగోతం. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడు, 1965లో, ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని 'పదివేల అడుగుల మీటరు' అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మింది. సరుకు పేరే తర్వాత శాస్త్రమైంది. 2019లో సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది అమెరికన్ స్త్రీలను పరిశీలించిన అధ్యయనంలో, 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దగ్గర ఆ లాభం ఆగిపోయింది. నేను 7,600 దగ్గర ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చుంటే, 'ఇంకా 2,400 మిగిలాయి' అంటూ మణికట్టు మీద గిల్లుతారెందుకు?

అసలు అభ్యంతరం ఇప్పుడు రాస్తాను. లెక్కలు తప్పైనా ఫలితం మంచిదైతే ఆడిటరు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటాడు. ఫలితం చూద్దాం. తమరి పెద్దన్న వరసైన మైఫిట్‌నెస్‌పాల్‌ను 2014లో లాస్ ఏంజిలెస్ వైద్యులు 212 మంది అధిక బరువున్న రోగులతో పరీక్షించారు. సగం మందికి యాప్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. ఆరు నెలలకు రెండు వర్గాల మధ్య తేడా 300 గ్రాములు, అది కాకతాళీయం కూడా కావచ్చునన్నంత చిన్నది. మొదటి నెల దాటగానే చాలామంది దాన్ని తెరవడమే మానేశారు. 2016లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు 471 మంది యువతీయువకులతో రెండేళ్ళపాటు చేసిన పరీక్షలో, అందరికీ ఆహార సలహాలు ఇచ్చి, ఆరు నెలల తర్వాత సగం మందికి అదనంగా చేతి పట్టీ పరికరం కూడా ఇచ్చారు. పట్టీ లేనివాళ్ళు 5.9 కిలోలు తగ్గారు, ఉన్నవాళ్ళు 3.5 కిలోలే. అది ఆనాటి పాత పరికరమని తమరి తరఫు వకీళ్ళు అంటారు, ఒప్పుకుంటాను. కాని అదే ఏడాది సింగపూర్‌లో 13 సంస్థలకు చెందిన 800 మంది ఉద్యోగులతో జరిగిన పరీక్షలో, ఏడాది తర్వాత పరికరం ఇంకా పెట్టుకుంటున్నవాళ్ళు పదింట ఒక వంతు. డబ్బు ఇస్తామంటే కొందరు ఎక్కువ నడిచారు, డబ్బు ఆపగానే నడకా ఆగింది. బరువు, రక్తపోటు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

ఆడిట్ అంటే తప్పులే వెతకడమన్న అపవాదు నాకు వద్దు కనుక జమ పద్దు కూడా చూపిస్తున్నాను. తిన్నది రాసుకొనే అలవాటున్నవారు బరువు ఎక్కువ తగ్గుతున్నట్టు చాలా అధ్యయనాలు చూపాయి, వాటిలో ఎక్కువ చిన్నవీ బలహీనమైనవీ అయినా సరే. ధరించే పరికరాల మీద వచ్చిన సమీక్షలన్నిటినీ 2022లో ఒకచోట చేర్చి చూసినవారు, రోజుకు సుమారు 1,800 అడుగులు పెరుగుతున్నాయని, బరువు ఒక కిలో దాకా తగ్గుతోందని తేల్చారు. ఒక కిలో! నా ఏడాది చందా రసీదు పక్కన దాన్ని పెట్టి చూసుకున్నాను. రాసుకోవడమే మందైతే, మా వీధి చివర కొట్టులో దొరికే గీతల నోటుపుస్తకానికి రాత్రి పదింటికి నన్ను నిద్రలేపే అలవాటు లేదు.

ఒక్కచోట మాత్రం హాస్యమాడలేను. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలతో చికిత్స పొందుతున్న 105 మందిని 2017లో అమెరికాలో అడిగితే, నాలుగింట మూడు వంతుల మంది కేలరీల యాప్ వాడినవారే; ఆ వాడినవారిలో 73 శాతం మంది తమ రుగ్మతకు అదీ ఒక కారణమని చెప్పారు. అది వాళ్ళ అభిప్రాయమే, నిరూపణ కాదు. అయినా, కళాశాలలో చదివే మా మనవరాలు ఇడ్లీని రెండు ముక్కలు చేసి, అర ముక్క ఎక్కించి, మిగిలిన అర ముక్క వైపు అపరాధిలా చూడటం నేను కళ్ళారా చూశాను. తెర మీది ఎర్ర రంగును ఎవరు ఎంచుకున్నారో గాని, ఆ పిల్ల ముఖం చూసి ఎంచుకోలేదు. తన ఫోనులోంచి మిమ్మల్ని తీసేయమని చెప్పాను. కారణం అడిగితే, లెక్కలు తప్పమ్మా అన్నాను.

నా ఫోనులో మాత్రం చందా ముగిసేదాకా ఉండండి. ప్రతి అంకె పక్కనా 'ఉజ్జాయింపు' అని రాయమనీ, తేడా ఎంత ఉండవచ్చో చూపమనీ సలహా పెట్టెలో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఐదు నక్షత్రాల రేటింగు ఇవ్వమని జవాబు వచ్చింది. వచ్చే ఆదివారం మా మేనకోడలి పెళ్ళి అమలాపురంలో. అరిటాకు వేస్తారు, పూతరేకులుంటాయి, పనసపొట్టు కూర తప్పదు, వద్దంటే వినని వియ్యాలవారు వరసలో నిలబడి వడ్డిస్తారు. ఆ రోజు గడి మీ పుస్తకంలో ఖాళీగా ఉంటుంది. కారణం రాయవలసివస్తే, కాకులు చుట్టాలింటికి వెళ్ళాయని రాసుకోగలరు.

ఇట్లు,
తమరి చందాదారుడు,
హబ్సిగూడ, హైదరాబాదు.