మొలక వాలిందని నీళ్ళు పోయకండి

ఇంట్లో నారు పోసుకునేవాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అది చెప్పేదిదీ: గింజల్ని నీళ్ళలో వేసి, తేలినవి పారేయాలి. మునిగినవాటిని రెండు రోజులు నానబెట్టాలి. విత్తాక ట్రేకి కవర్ కప్పి, నాలుగాకులు వచ్చేదాకా తీయకూడదు. కిటికీ దగ్గర పెడితే వెలుతురు సరిపోతుంది. మొలక వాలితే నీళ్ళు పోయాలి. ఇదంతా తు.చ. తప్పకుండా పాటించి, నారంతా పోగొట్టుకుని, "నా చేతికి మొక్క బతకదు" అని మానేసినవాళ్ళు ఉన్నారు. తప్పు వాళ్ళ చేతిది కాదు.

ముందు తేలిన గింజల సంగతి. టమాటా, మిరప, వంగ గింజలు పల్చగా, తేలిగ్గా ఉంటాయి. చిన్న గాలిబుడగ అంటుకున్నా మంచి గింజే తేలుతుంది. మొలకెత్తే శక్తి పోయిన గింజ మునగనూ వచ్చు. అనుమానముంటే పది గింజల్ని తడిపి పిండిన టిష్యూలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో వెచ్చగా ఉంచండి. ఏడు మొలిస్తే ఆ ప్యాకెట్ బాగున్నట్టే. మిరపకైతే రెండు వారాలైనా ఓపిక పట్టాలి.

నానబెట్టడం తప్పు కాదు, రెండు రోజులు నానబెట్టడం తప్పు. నీరు పీల్చుకున్న గింజ గట్టిగా ఊపిరి తీసుకోవడం మొదలుపెడుతుంది. నీటి అడుగున దానికి ఆక్సిజన్ చాలదు, లోపలే కుళ్ళిపోతుంది. కాకర, సొర లాంటి గట్టి పెంకు గింజలకు ఒక రాత్రి చాలు. చిన్న గింజలకు అదీ అక్కర్లేదు.

ఇక కవర్. మొలక కనబడేదాకా కప్పి ఉంచమనడం సరైన మాటే, పైపొర ఆరిపోదు. కానీ మొలకలు పైకి రాగానే తీసేయాలి. ఆ మెసేజ్ చేసే పెద్ద నష్టం ఇక్కడే. మూత కింద నిలిచిన చెమ్మ, కదలని గాలి నారుకుళ్ళు తెగులుకి అనువైన చోటు. ఈ తెగులు తెచ్చే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు మట్టిలోంచో, సరిగా కడగని ట్రేలోంచో వస్తాయి. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకి పడిపోయి ఉంటుంది. దగ్గరగా చూడండి: ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి, మట్టిని తాకే చోట మాత్రం కాడ నీరుకారి, దారంలా సన్నబడి ఉంటుంది. దాహంతో వాలిన మొక్కకి ఈ నొక్కు ఉండదు. దాని మట్టి పొడిగా ఉంటుంది, ట్రే ఎత్తితే తేలిగ్గా అనిపిస్తుంది.

ఆ తేడా చూడకుండా నీళ్ళు పోస్తే పక్కన బాగున్న మొలకలూ పోతాయి. పిథియం నీటిలో ఈదే బీజాలతో కూడా పాకుతుంది మరి.

కిటికీ మాటకొస్తే, మన కళ్ళకి వెలుతురుగా అనిపించేది మొలకకి చాలదు. ఒక పక్కనుంచే వస్తుంది కాబట్టి అటు వంగి, సాగి, పాలిపోతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబుని ట్రేకి జానెడు ఎత్తులో కట్టి, రోజుకి 14 నుంచి 16 గంటలు వెలిగించండి. రాత్రి ఆపేయండి.

వాలిన మొలకలు ఇప్పటికే ఉన్నాయా? కాడ నొక్కుకుపోయినవి మళ్ళీ లేవవు. వాటిని చుట్టూ ఉన్న కాస్త మట్టితో సహా తీసేయండి. కవర్ తీసి, ఫ్యాన్ తక్కువ స్పీడులో తిప్పండి. పైపొర ఆరేదాకా నీళ్ళు ముట్టుకోవద్దు. తర్వాత కూడా ట్రేని నీళ్ళ పళ్ళెంలో కాసేపు ఉంచి, కింది నుంచి తడిసేలా చేసి తీసేయండి. మళ్ళీ విత్తేటప్పుడు తోట మట్టి వద్దు, కొత్త కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) తీసుకోండి. పాత ట్రేని సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాకే గింజ వేయండి.