ఇన్‌స్పెక్టర్ ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు?

2011 జులై చివర్లో అమెరికాలోని కొలరాడోలో జెన్సెన్ ఫార్మ్స్ కర్బూజా ప్యాకింగ్ షెడ్డును ఒక ప్రైవేటు ఆడిటర్ పరిశీలించి నూటికి 96 మార్కులు వేశారు. ఆ సీజన్‌లోనే అక్కడి కాయల ద్వారా లిస్టీరియా అనే ప్రమాదకర బాక్టీరియా వ్యాపించింది. 28 రాష్ట్రాల్లో 147 మంది జబ్బుపడ్డారు, 33 మంది చనిపోయారు. సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ బృందం అదే షెడ్డులో 39 చోట్ల స్వాబ్‌లు (పరీక్ష కోసం ఉపరితలాన్ని తుడిచి తీసే నమూనాలు) తీస్తే 13 చోట్ల లిస్టీరియా బయటపడింది. నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. కాయలు కడిగే యంత్రం మరో పంట కోసం వాడిన పాతది, లోపలికంటా శుభ్రం చేయడానికి అనువుగా లేదు. పొలం వేడి తగ్గకముందే కాయలను కోల్డ్ స్టోరేజీలో పెట్టేవారు. కడిగే నీటిలో క్రిమినాశిని కలపడం లేదని ఆడిటర్ నివేదికలో రాసే ఉంది. అయినా మార్కులు 96.

ఆ షెడ్డు గురించి నిజం చెప్పింది స్వాబ్ తీసిన చోటు. ఆహార, వ్యవసాయ తనిఖీ ఉద్యోగానికి ప్రాణం అక్కడే ఉంది. ఏ ఇన్‌స్పెక్టరూ సరుకంతా చూడలేరు, రోజంతా నిలబడలేరు. చూసేది చిన్న భాగం. దాన్ని ఏ చోటు నుంచి, ఏ వేళలో, ఎంత పరిమాణంలో ఎంచుకున్నారన్న దాని మీదే ల్యాబ్ ఫలితం విలువ ఆధారపడుతుంది. చేతికి అందిన చోట తీసిన శాంపిల్‌ను ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా, అది ఆ చేతికి అందిన చోటు గురించే చెబుతుంది.

వేరుశనగలో బూజు వల్ల పుట్టే విషం, అఫ్లాటాక్సిన్ సంగతే చూడండి. ఈ విషం సరుకంతా సమానంగా ఉండదు. వేల గింజల్లో ఒకటో రెండో బూజు పట్టి ఉంటాయి, మిగతావన్నీ శుభ్రంగా ఉంటాయి. బాగా చెడిన ఒక్క గింజలో విషం కిలోకు 10 లక్షల మైక్రోగ్రాముల స్థాయిని కూడా దాటవచ్చు. గింజ బరువు అర గ్రాము అనుకుంటే అందులో 500 మైక్రోగ్రాముల విషం ఉన్నట్టు. 20 కిలోల శాంపిల్‌లో అలాంటి గింజ ఒక్కటి పడినా సగటు కిలోకు 25 మైక్రోగ్రాములు వస్తుంది. ప్రాసెసింగ్‌కు వెళ్లే వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి 15. శాంపిల్ 20 కిలోలు ఉండాలని కోడెక్స్ చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే. 25 టన్నుల లాట్ (ఒకే విడత సరుకు) నుంచి ఒక్కోసారి 200 గ్రాముల చొప్పున వంద చోట్ల తీస్తే ఆ 20 కిలోలు సమకూరతాయి. అంత ఓపిక లేక ఒక కిలోతో సరిపెడితే, 20 కిలోలకు ఒకటి చొప్పున ఉన్న చెడ్డ గింజ ఆ సంచిలో పడే అవకాశం దాదాపు ఇరవైలో ఒక వంతు.

తీసిన తర్వాత కూడా శ్రమ వృథా అయ్యే చోటు ఒకటుంది. 20 కిలోలు మోసుకొచ్చి, అందులోంచి ఒక గుప్పెడు గింజలను గింజలుగానే పరీక్షకు తీస్తే మళ్లీ మొదటికొచ్చినట్టే. మొత్తం 20 కిలోలనూ మెత్తగా పిండి చేసి, బాగా కలిపాకే కొంత తీయాలి. ఇంత బరువు ఆడించే మర చాలా ల్యాబుల్లో ఉండదు. పరికరాల కొనుగోలు జాబితాలో దానికన్నా ముందు విశ్లేషణ యంత్రం చేరిపోవడమే ఇందుకు కారణం.

గోదాములో ఇబ్బంది మరోలా ఉంటుంది. బస్తాల దొంతరలో శాంపిల్ తీసే గొట్టం గుచ్చడానికి అందేవి బయటి వరుసలే. తేమ మాత్రం లోపల, గోడ పక్కన, నేలకు ఆనిన వరుసలో, పైకప్పు చెమర్చి కారే చోట చేరుతుంది. విడిగా పోసిన ధాన్యమైతే, బయట చలి పెరిగినప్పుడు లోపలి వెచ్చని గాలి పైకి లేచి, కుప్ప మధ్య పైపొరలో తేమ వదులుతుంది. బూజు మొదలయ్యేది అక్కడే. కాబట్టి రెండు రకాల శాంపిళ్లు కావాలి. లాట్ సగటు తెలియడానికి యాదృచ్ఛికంగా అన్ని చోట్ల నుంచీ తీసేది ఒకటి, అనుమానం ఉన్న చోట కావాలని తీసేది ఇంకొకటి. రెంటినీ ఒకే సంచిలో కలిపితే సగటూ తప్పుతుంది, చెడ్డ చోటు జాడా పోతుంది. ఏది ఏ రకమో సంచి మీద రాయకపోవడం చాలా తరచుగా కనిపించే లోపం.

తేమ పరీక్షకు పంపే గింజలను గాలి చొరని డబ్బాలో మూయాలి. బూజు విషం పరీక్షకు పంపే గింజలు చెమ్మగా ఉంటే ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదు. దారిలోనే బూజు పెరిగి, గోదాములో లేని విషం ల్యాబులో కనిపిస్తుంది. అప్పుడు నష్టపోయేది ఏ తప్పూ చేయని రైతు.

ఎగుమతి చేసే కాయల్లో పురుగుల తనిఖీ నివేదిక రాసే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. "పురుగు లేదు" అని రాస్తారు. 59 కాయలు చూసి ఒక్కదానిలోనూ పురుగు కనబడకపోతే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది పురుగు 5 శాతానికి మించి లేదని మాత్రమే. దాన్ని ఒక శాతానికి దించాలంటే దాదాపు 300 కాయలు కోసి చూడాలి. "300 చూశాం, కనబడలేదు" అని రాస్తే అవతలి దేశపు క్వారంటైన్ అధికారికి దాని బరువు తెలుస్తుంది. ధాన్యంలోనైతే జల్లెడ పట్టడం ఒక్కటే చాలదు. ముక్కు పురుగు గింజలోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలే పెరుగుతుంది. జల్లెడకు దొరికేది అప్పటికే బయటికొచ్చిన పురుగు.

ఇక వేళ. పెద్ద వంటశాలకు పొద్దున పదకొండు గంటలకు వెళితే ఫ్రిజ్ 4 డిగ్రీలు చూపిస్తుంది, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. అసలు ప్రమాదం ముందు రాత్రి జరిగిపోయి ఉంటుంది. వండిన పదార్థం 60 డిగ్రీల నుంచి రెండు గంటల్లో 21కి, మరో నాలుగు గంటల్లో 5కి దిగాలి. లోతైన గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే అంచులు చల్లబడతాయి, నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ బీజాలు వంట వేడికి చావవు. 45 డిగ్రీల దగ్గర ఈ బాక్టీరియా పది నిమిషాల్లోపే రెట్టింపు కాగలదు. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ తుపాకీ పైపొరనే కొలుస్తుంది కాబట్టి నడిమి వేడి దానికి దొరకదు. సూది థర్మామీటరును గిన్నె నడుమకు దించాలి, అదీ ఆ రోజు చితక్కొట్టిన మంచుగడ్డల నీళ్లలో ముంచి సున్నా చూపిస్తోందని సరిచూశాక. పొయ్యి మీద నుంచి ఎన్నింటికి దించారు, రెండు గంటల తర్వాత ఎంత ఉంది అని అడిగితే, రాసి పెట్టుకున్నారో లేదో మొదటి జవాబులోనే తెలిసిపోతుంది.

స్వాబ్‌లదీ అదే సంగతి. తళతళలాడే స్టీలు బల్ల మీద తుడవడం తేలిక. లిస్టీరియా ఉండేది కాలువ జాలీలో, కన్వేయర్ రోలరు సందులో, పగిలిన రబ్బరు గ్యాస్కెట్ కింద. అది ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. శుభ్రం చేసిన వెంటనే తీస్తే ఏమీ దొరకదు. పని మొదలై మూడు, నాలుగు గంటలయ్యాక, యంత్రం అదురుకు సందుల్లోని తడి బయటికొచ్చాక తీయాలి. స్వాబ్ తడిపే ద్రవంలో క్రిమినాశినిని విరిచే రసాయనం ఉండాలి. లేకపోతే ఉపరితలం మీద మిగిలిన క్లోరిన్ దారిలో బాక్టీరియాను చంపేసి, ఫలితం శుభ్రమని వస్తుంది.

ఇవన్నీ శిక్షణలో చెప్పే విషయాలే. అమలు కాకపోవడానికి కారణం పనిని కొలిచే పద్ధతి. నెలకు ఎన్ని చోట్లకు వెళ్లారన్నదే లెక్కయితే, వంద చోట్ల గొట్టం గుచ్చే ఇన్‌స్పెక్టర్ వెనకబడతారు, వాకిట్లో ఒక బస్తా విప్పి సంతకం చేసినవారు ముందుంటారు. ముందే చెప్పి వెళ్లే తనిఖీలు, ఎప్పుడూ ఆఫీసు వేళల్లోనే జరిగే తనిఖీలు అదే కోవలోవి. సందర్శనల సంఖ్య సగానికి తగ్గినా పర్వాలేదు. ఎక్కడ, ఏ గంటకు, ఎన్ని చోట్ల, ఎంత బరువు తీశారో ప్రతి నివేదికలో ఉండాలి, పై అధికారి చూడాల్సింది వాటినే.

మళ్లీ పరీక్ష కోరే హక్కు దగ్గర ఈ లోపం బాగా బయటపడుతుంది. లాట్ తప్పిందని తేలితే యజమాని రెండోసారి అడుగుతారు, అడగడం న్యాయమే. కానీ గోదాముకు వెళ్లి కొత్తగా ఒక కిలో తెచ్చి పరీక్షిస్తే, పై లెక్క ప్రకారం అది నెగ్గే అవకాశం ఇరవైలో పంతొమ్మిది వంతులు. ఆ లాట్‌లోని విషం ఒక్క మైక్రోగ్రాము కూడా తగ్గకుండానే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. మొదటిరోజే 20 కిలోలూ పిండి చేసి, మూడు భాగాలు చేసి, సీలు నంబర్లతో ఒకటి ల్యాబుకు పంపి, ఒకటి యజమానికి ఇచ్చి, ఒకటి వివాదం వస్తే తెరవడానికి దాచి ఉంచాలి. రెండో పరీక్ష ఆ దాచిన పిండి మీదే జరగాలి.