వానకు ఫైబర్‌లో లైటు తడవదండీ

ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ గురించి విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "ఫైబర్‌లో నడిచేది లేజర్ కాబట్టి వానకు మసకబారుతుంది, ఎండ 45 దాటితే పల్చబడుతుంది, పిడుగు ఫైబర్ గుండా ఇంట్లోకి వస్తుంది, అందుకే ఉరిమిన వెంటనే మోడెమ్‌కు తగిలించిన ఫైబర్ పిన్ను పీకేసి, కొసలో ఎర్ర లైటు వస్తోందో లేదో చూసుకోండి" అని దాని సారాంశం. ఇందులో దాదాపు ఏ ముక్కా నిలబడదు, చివరిదైతే కళ్లకే ముప్పు.

ముందు వాన సంగతి. లైటు వెళ్లేది 9 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) గాజు పోగులో. దాని చుట్టూ ఇంకో గాజు పొర, ఆపైన ప్లాస్టిక్ పూత, తొడుగు. బయట చినుకు పడితే దానికేం తెలుస్తుంది? నమ్మకం లేకపోతే మోడెమ్ సెట్టింగ్స్‌లో ఆప్టికల్ పవర్, అంటే మీకు అందే లైటు బలం, చూడండి, ఎండలో మైనస్ 21 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే లెక్క) ఉంటే జోరువానలోనూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మరి వానకు నెట్ ఎందుకు పోతుందంటే, గాలికి కొమ్మ విరిగి స్తంభం మీది కేబుల్ తెగుతుంది, లేదా మెలిక పడి లైటు బయటికి కారిపోతుంది, సరిగ్గా మూయని జాయింట్ బాక్సులోకి బురదనీళ్లు చేరతాయి, లేదా కరెంటు పోయి ఆపరేటర్ పరికరాల బ్యాటరీ చచ్చిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అసలు కరెంటే లేదు, ఇక లేజర్‌ని తిట్టి ఏం లాభం?

గాలిలో లేజర్ పంపే పద్ధతి ఒకటి ఉంది లెండి. అలాంటి 2,000 లింకుల కోసమే 2017 చివర్లో ఏపీ ప్రభుత్వం గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ వాళ్ల ఎక్స్ ల్యాబ్‌తో ఒప్పందం చేసుకుంది. పొగమంచు దాన్ని నిజంగానే దెబ్బతీస్తుంది. దాన్ని తెచ్చి ఇంటి ఫైబర్‌కు అంటగడితే ఎలా?

ఎండ విషయంలో కాస్త నిజం ఉంది. లేజర్ డయోడ్ (లైటు పుట్టించే చిన్న చిప్) వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, కానీ లోపలి సర్క్యూట్ కరెంటు పెంచి సరిచేస్తుంది. ఇబ్బంది మోడెమ్‌కే, చాలావాటికి 40 డిగ్రీల వరకే గ్యారంటీ. రేకుల కింద, మూసిన అల్మరాలో పెడితే మే నెలలో హ్యాంగ్ అవక ఏమవుతుంది? ఇక ఎండకు కేబుల్‌కి తడిగుడ్డ చుట్టమని సలహా ఇచ్చిన మహానుభావుడికి దండం.

పిడుగు గాజులోంచి రాదు, గాజులో కరెంటు పారదు. కేబుల్ బరువు మోయడానికి పక్కన ఇనుప తీగ ఉంటే దాన్ని ఇంటి బయటే హుక్కుకు కట్టి ఆపేయాలి. మోడెమ్‌ను కాల్చేది అడాప్టర్ లోంచి, పై అంతస్తుకు లాగిన ల్యాన్ వైరు లోంచి వచ్చే కరెంటు. పీకాల్సింది ఆ రెండింటినీ. ఫైబర్ పిన్ను మాటిమాటికీ పీకితే కొసకు దుమ్ము అంటుకుంటుంది, 9 మైక్రాన్ల దారికి ఒక్క నలుసు చాలు, సిగ్నల్ పడిపోయి మోడెమ్ మీద ఎర్రగా లాస్ (LOS, సిగ్నల్ అందడం లేదని చెప్పే) లైటు కొట్టుకుంటుంది.

ఇక కొసలోకి చూడడం. ఇంటికొచ్చే లైటు తరంగం పొడవు 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి వెళ్లేది 1310, రెండూ కంటికి కనబడవు. లైను బాగున్నా మీకు చీకటే కనిపిస్తుంది, కాబట్టి ఆ పరీక్షకు అర్థమే లేదు, పైగా కనబడకపోయినా అది లేజరే. కేబులాయన చేతిలో ఎర్రగా వెలిగేది తెగిన చోటు వెతికే పెన్ను, సుమారు 650 నానోమీటర్ల వేరే లేజర్. అది వెలుగుతుండగా కూడా కొసను కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు, పిల్లల్ని అసలు దగ్గరికి రానివ్వద్దు.